పక్కింటి దేశం విడిపోయినప్పుడు

హామిల్టన్‌లో మేము అద్దెకు దిగిన యూనిట్‌కీ పక్క యూనిట్‌కీ మధ్య గోడ ఒక్కటే. అటువైపు ఎవరైనా తలుపు కాస్త గట్టిగా వేస్తే మా వంటింట్లో గ్లాసులు మోగేవి. ఆ గోడకు అవతల ఒక పెద్దవయసు జంట ఉండేది. ఆయన మాంటెనెగ్రో కొండల్లో పుట్టినవాడు. ఆవిడ సెర్బియా మనిషి, బెల్‌గ్రేడ్‌లో పుట్టి పెరిగింది. పెళ్లి చేసుకున్ననాడు ఇద్దరిదీ ఒకటే దేశం, యుగోస్లావియా. ఆ దేశం ముక్కలై యుద్ధాలు మొదలైన రోజుల్లో కూతురిని తీసుకుని న్యూజిలాండ్ వచ్చేశారు. మిగిలిన ముక్కలన్నీ ఎటు పోయినా ఆయన మాంటెనెగ్రో, ఆవిడ సెర్బియా మాత్రం ఒకే జెండా కింద కలిసి ఉన్నాయి. అది వాళ్లిద్దరికీ ఎంత పెద్ద విషయమో మాకు మొదట్లో తెలియదు.

ఆయన పాల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆవిడ గ్యారేజీలో కుట్టుమిషను పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం లాంటి పనులు చేసేది. కూతురు ఆక్లాండ్‌లో ఉద్యోగం చేసుకుంటూ మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండేది. మేము వాళ్లని అంకుల్, ఆంటీ అనేవాళ్లం. ఆ పిలుపు వాళ్లకి నచ్చింది. ఇక్కడ తమని అలా పిలిచేవాళ్లు లేరని ఆంటీ ఒకసారి అంది.

నాది తెనాలి పక్క పల్లె. నా భార్యది కరీంనగర్. హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. డెయిరీ ఫారాలకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో నాకు ఉద్యోగం దొరికి 2004లో హామిల్టన్ వచ్చాం. కారు లేకపోతే అక్కడ పాలపాకెట్టు కూడా దొరకదు. నా భార్యకి డ్రైవింగ్ నేర్పింది అంకులే. ఆదివారాలు ఖాళీగా ఉండే యూనివర్సిటీ పార్కింగ్‌లో తిప్పి తిప్పి నేర్పాడు. నేను నేర్పబోతే పది నిమిషాల్లో గొడవయ్యేది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

ఆంటీకి చీర జాకెట్ కుట్టడం తెలియదు. నా భార్య ఇచ్చిన పాత జాకెట్‌ని కుట్లన్నీ విప్పేసి, ముక్కలు బల్ల మీద పరిచి, కాయితం మీద గీసుకుని నేర్చుకుంది. మొదటి జాకెట్ చంకల దగ్గర పట్టేసింది. రెండోది సరిగ్గా కుదిరింది. అప్పటినుంచి ఆ గ్యారేజీ నా భార్యకి పుట్టిల్లులా అయిపోయింది.

2006 మేలో మాంటెనెగ్రోలో ఓటింగ్ పెట్టారు. సెర్బియాతో కలిసి ఉండాలా, విడిపోవాలా అని. అప్పటికి నెల రోజుల ముందునుంచే కాఫీకి వెళ్తే అదే మాట.

"ఈయన వాళ్లు మమ్మల్ని వదిలించుకుంటారట," అనేది ఆంటీ నవ్వుతూ, చిన్న కప్పుల్లో చిక్కటి కాఫీ పోస్తూ.

"పిచ్చివాళ్లు. దేశాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకటవుతుంటే వీళ్లు విడిపోతారట! ఏం జరగదులే," అనేవాడు అంకుల్.

ఆయనకి అక్కడ ఓటు లేదు. ఊరు వదిలి చాలా ఏళ్లయింది. ఆయన తమ్ముడు మాత్రం రోజూ ఫోన్ చేసేవాడట. విడిపోవడానికి మామూలు మెజారిటీ చాలదు, అంతకంటే ఎక్కువ గీత పెట్టారు, దాన్ని దాటలేరు అని అంకుల్ నాకు లెక్క చెప్పాడు. నేను నమ్మాను. ఆంటీ కూడా నమ్మింది.

ఓటింగ్ అయిన మర్నాడు సోమవారం. న్యూజిలాండ్‌లో మే అంటే చలికాలం మొదలు, పొద్దున బాగా మంచు. వీధి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతుంటే డ్రైవ్‌వే చివర పోస్టుడబ్బా దగ్గర ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపించింది. అంకుల్. డ్రెస్సింగ్ గౌను మీదే ఉన్నాడు, కాళ్లకి ఇంటి చెప్పులు. చెవి దగ్గర ఫోను. మాట్లాడడం లేదు, పాడుతున్నాడు. అవతల తమ్ముడు కూడా పాడుతున్నట్టున్నాడు, మధ్యలో ఆగి వింటూ మళ్లీ అందుకుంటున్నాడు. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

నన్ను చూసి ఫోను కిందికి దించాడు. దగ్గరికొచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"అయిపోయింది. మాకు దేశం వచ్చింది," అన్నాడు.

కంగ్రాచ్యులేషన్స్ అన్నాను.

ఆయన ఇంటి వైపు చూశాడు. పడకగది కర్టెన్లు ఇంకా మూసే ఉన్నాయి.

"ఆవిడకి చెప్పకు. వార్త ఎలాగూ తెలుస్తుంది. నేను సంతోషించానని చెప్పకు."

సరే అన్నాను. ఆయన ముఖం తుడుచుకుని, ఓడిపోయినవాడిలా తల దించుకుని లోపలికి వెళ్లాడు. ఆ నడక చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆఫీసులో టీ టైమ్‌లో ఈ సంగతి చెప్పాను. ఒక దేశం విడిపోవాలని ఓటేసింది, గీత కొద్దిలో దాటారు అన్నాను. ఎవరికీ పట్టలేదు. ఒకతను ఆ పేరు మాంటె అనే పేకాటలా ఉందన్నాడు. ఇంకొకామె, "వాళ్లు రగ్బీ ఆడతారా?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాటి పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది. ఒక మనిషిని మంచులో నిలబెట్టి ఏడిపించిన సంగతి ఇక్కడ వంట నూనె ప్రకటన పక్కన నాలుగు వాక్యాలైంది.

ఆ సోమవారం సాయంత్రమే అంకుల్ పాడిన సంగతి, చెప్పొద్దన్న సంగతి నా భార్యకి చెప్పాను. ఆంటీకి చెప్పనని ఆయనకి ఇచ్చిన మాటలో భార్య లెక్కలోకి రాదనుకున్నాను.

ఆ గురువారం ఆమె జాకెట్ కొలతలకి గ్యారేజీకి వెళ్లింది. ఆంటీ నోట్లో గుండుసూదులు పట్టుకుని చేతి కొలత తీసుకుంటూ అందట, "పాపం, ఆయన మూడు రోజుల నుంచి సరిగ్గా తినడం లేదు. సొంతవాళ్లే ఇలా చేశారని కుమిలిపోతున్నాడు. ఆయన ముందు ఆ మాట ఎత్తకు" అని.

నా భార్య ఉన్నమాట చెప్పేసింది. ఆయన బాధపడలేదు ఆంటీ, పాడాడు, మా ఆయన చూశాడు అని.

ఆంటీ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండులో గుచ్చిందట. అన్నీ గుచ్చాక, "శనివారం ఇస్తాను," అంది. అంతే.

నేను ఆఫీసునుంచి వచ్చేసరికి నా భార్య కుర్చీలో కూర్చుని ఉంది, లైటు కూడా వేసుకోలేదు. జరిగింది చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు చెప్పావ్? చెప్పొద్దన్నాడని చెప్పాను కదా!"

"మాట ఇచ్చింది నువ్వు. నేను ఇయ్యలే," అంది. "ఆమె ఆయన మీద పాపం పాపం అనుకుంట సూపు చేసి పెడుతున్నది. ఆయన లోపల నవ్వుకుంట తాగుతున్నడు. అది మంచిగున్నదా?"

"వాళ్ల గొడవ వాళ్లది. మధ్యలో మనమెవరం?"

ఆమె లేచి లైటు వేసింది. తర్వాత నెమ్మదిగా అంది, "రేపు మా తెలంగాణ వచ్చిందనుకో. నాకు సంతోషమైతది. అప్పుడు నీకు చెప్పాల్నా, దాచాల్నా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు?"

అసలు ఆమెకి సంతోషమవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఐదేళ్లుగా ఒకే కంచంలో తింటున్నాం. మా నాన్న ఫోనులో ఆ ఉద్యమాన్ని తిడుతుంటే నేను స్పీకర్ పెట్టేవాణ్ని. ఆమె పక్కనే కూరగాయలు కోసుకుంటూ వినేది. ఒక్కసారి కూడా నేను ఆమె ముఖం వైపు చూడలేదు.

ఆ తర్వాత అవతలి ఇంటినుంచి చప్పుడే లేదు. వాళ్లు అరుచుకుంటారని భయపడ్డాం. అరుచుకుంటే బాగుండునని రెండో వారానికి అనిపించింది. ఆంటీ మంచం గ్యారేజీ పక్కనున్న చిన్న గదిలోకి మారింది. వంట చేసి పొయ్యి మీద ఉంచి వెళ్లిపోయేది. అంకుల్ నన్ను పోస్టుడబ్బా దగ్గర ఆపి ఒక్కటే అడిగాడు.

"నువ్వు చెప్పావా?"

"నా భార్యకి చెప్పాను."

తలూపాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే క్షమించమని అడిగేవాణ్ని.

జూన్ మొదట్లో వాళ్లవాళ్లంతా ఆక్లాండ్‌లో ఏటా కలిసే భోజనాలు వచ్చాయి. అంకుల్‌కి అప్పుడే కంట్లో శుక్లం తీశారు, బండి నడపకూడదు. కూతురు ఫోన్ చేసి వాళ్లిద్దరినీ మా కారులో తీసుకురమ్మంది. అంకుల్ నా పక్కన, ఆడవాళ్లిద్దరూ వెనక.

అదొక పాత చర్చి హాలు. ఏటా గోడకి కట్టే జెండా ఈసారి కట్టలేదు. ఏది కట్టాలో తేలక మానేశారని కూతురు చెప్పింది. లోపల బల్లలు ఎప్పటిలాగే వరసగా వేశారు, మనుషులే రెండుగా చీలి కూర్చున్నారు. కిటికీల వైపు సెర్బియావాళ్లు. తలుపు వైపు, చాలా తక్కువమంది, మాంటెనెగ్రోవాళ్లు. వాళ్లు గొంతులు పెంచి నవ్వుతున్నారు. కిటికీల వైపువాళ్లు వాళ్లని చూడకుండా తింటున్నారు.

ఆంటీ నేరుగా కిటికీల వైపు వెళ్లి కూర్చుంది. అంకుల్ ఒక్క క్షణం తటపటాయించి ఆవిడ వెనకే వెళ్లాడు. ఈ దేశం వచ్చినప్పటినుంచీ ఏటా అక్కడే కూర్చున్నాడు మరి. ఆ బల్ల దగ్గర ఒక లావుపాటి పెద్దమనిషి ఉన్నాడు. వీళ్ల పెళ్లికి సాక్షిగా నిలబడినవాడు. వాళ్లలో ఆ సాక్షి అంటే తోడబుట్టినవాడికంటే ఎక్కువట. యుద్ధం రోజుల్లో ఈ కుటుంబానికి ఇక్కడికి వచ్చే దారి చూపిందీ ఆయనేనట. అంకుల్ కుర్చీ లాక్కోబోతుంటే ఆయన గట్టిగా ఏదో అన్నాడు. బల్లంతా నవ్వింది. అంకుల్ కూడా నవ్వాడు, కానీ కూర్చోలేదు.

"ఏమన్నాడు?" అని నా భార్య వాళ్ల కూతురిని అడిగింది.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "ఈ బల్ల దగ్గర కూర్చోవాలంటే ఇక నీకు వీసా కావాలి అన్నాడు."

అంకుల్ ప్లేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తలుపు వైపునుంచి ఒకడు చేయి ఊపి పిలిచాడు, మనవాడివి, ఇటు రా అని కాబోలు. ఆయన అటు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ఆంటీని చూశాడు. అటువాళ్లూ ఆవిడని చూసి నవ్వు ఆపేశారు. ఆయన ఎటూ వెళ్లలేక వంటగది తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడి తినడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఆంటీ లేచింది. తన ప్లేటు తీసుకుని హాలంతా దాటి వెళ్లి ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ గోడకి ఆనుకుని, ఎదురుగా చూస్తూ, నిలబడే భోజనం ముగించారు. నా భార్య నా చెయ్యి నొక్కింది. అంతా సర్దుకుందనుకున్నాం.

తిరుగు ప్రయాణంలో ఆంటీ ఇంగ్లీషులోనే మాట్లాడింది. మేము కూడా వినాలనే అనుకుంటాను.

"నేను నీ కోసం లేవలేదు. వాడి మాట తప్పు కాబట్టి లేచాను."

"తెలుసు," అన్నాడు అంకుల్.

"నువ్వు పాడినందుకు నాకు కోపం లేదు. నీ ఊరు, నీ తమ్ముడు, పాడతావు. నాకు వినపడకుండా పాడావు. నలభై ఏళ్ల నుంచి ఇంకేమేం వినపడకుండా పాడావో ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?"

అంకుల్ అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. కంటికి కట్టిన ప్లాస్టిక్ మూత వల్ల ఆయన ముఖం నాకు సగమే కనిపించింది. వెనక సీట్లో నా భార్య కదలకుండా కూర్చుంది.

అదే నెలలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్. వాళ్ల జట్టు విడిపోకముందే అర్హత తెచ్చుకుంది కాబట్టి పాత పేరుతోనే ఆడింది. లేని దేశం జట్టు. అర్జెంటీనాతో ఆట మేము రికార్డు చేసి ఉంచితే శనివారం పొద్దున ఇద్దరూ మా ఇంటికి వచ్చి చూశారు, సోఫాకి చెరో చివరా కూర్చుని. ఆరు గోల్స్ పడ్డాయి, ఒక్కటీ తిరిగి వేయలేదు. ఆ జట్టు మొత్తంలో మాంటెనెగ్రోవాడు గోల్ కీపర్ ఒక్కడేనని అంకుల్ చెప్పాడు.

"వదిలినవాడు మీవాడు. వేయలేకపోయినవాళ్లు మావాళ్లు," అంది ఆంటీ.

అంకుల్ నవ్వాడు. ఆవిడ నవ్వుతుందేమోనని చూశాడు. ఆవిడ కాఫీ కప్పు సింకులో పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

జులైలో అంకుల్ తమ్ముణ్ని చూడడానికి బయల్దేరాడు. ఆరు వారాలన్నాడు. ఆంటీని రమ్మని అడిగాడో లేదో తెలియదు. అక్కడ తమ్ముడికి జబ్బు చేసింది, రాక వెనక్కి జరుగుతూ పోయింది. అక్టోబరులో ఒక రోజు కూతురు వ్యాను తెచ్చి కుట్టుమిషను ఎక్కించింది. ఆంటీ మౌంట్ ఆల్బర్ట్ వెళ్లిపోతోంది. జాకెట్ కొలతలు గీసుకున్న కాయితాలు చుట్టచుట్టి నా భార్య చేతిలో పెట్టింది.

"ఇంకెవరైనా కుట్టేవాళ్లు దొరుకుతారు," అంది.

నా భార్య ఏడ్చింది. "ఆంటీ, నా వల్లనే అయ్యింది," అంది. ఆవిడ ఆమె చెంప తట్టింది. కాదని మాత్రం అనలేదు.

అంకుల్ ఫిబ్రవరిలో, అక్కడి వేసవి చివర, తిరిగొచ్చాడు. ఖాళీ గ్యారేజీ తలుపు తీసి చూసి మళ్లీ వేసేశాడు. తర్వాత ఏడాదిన్నర ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆదివారాలు బస్సెక్కి ఆక్లాండ్ వెళ్లేవాడు. ఆవిడ భోజనం పెట్టేది. సాయంత్రం తిరిగొచ్చేవాడు. అంతవరకే. విడాకుల మాట లేదు, కలిసి ఉండే మాటా లేదు.

ఒకసారి మా ఇంట్లో పప్పన్నం తింటూ తన ఊరి సంగతి చెప్పాడు. వీధులనిండా కొత్త జెండాలున్నాయట. చూసి గుండె నిండిపోయిందట. వారం గడిచాక మాత్రం ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారట.

"నేను ఆవిడ గురించి మాట్లాడబోతే అందరూ వేరే మాట ఎత్తేవాళ్లు. తమ్ముడి కోడలు ఒకటే అడిగింది, ఇప్పటికైనా అర్థమైందా మామయ్యా, అని. ఏం అర్థం కావాలి నాకు?" అన్నాడు.

నా భార్య ఆయన కంచంలో ఇంకాస్త నెయ్యి వేసింది. ఆయన మా ఇంటికి రావడం ఎప్పుడూ మానలేదు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ మంచితనమే మా ఇద్దరికీ బరువైంది. మేమిద్దరం మాత్రం ఆ తర్వాత తెలంగాణ మాట ఎత్తలేదు. మా నాన్న ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టడం మానేశాను. అది ఆమె మీద గౌరవమో, నా పిరికితనమో నాకే తేలలేదు.

2008 జులైలో, చలికాలం మధ్యలో, అంకుల్‌కి గుండెపోటు వచ్చింది. హామిల్టన్ ఆసుపత్రిలో రెండు రోజులున్నాడు. ఆంటీ, కూతురు వచ్చారు. రెండో రోజు మేము వెళ్లేసరికి ఆవిడ ఆయన గోళ్లు కత్తిరిస్తోంది. ఆయన నిద్రలో ఉన్నాడు. మళ్లీ లేవలేదు.

అంత్యక్రియలు చేసేవాళ్ల ఆఫీసుకి నేను వాళ్లతో వెళ్లాను. అక్కడున్న అమ్మాయి ఫారం నింపుతూ పుట్టిన దేశం అడిగింది. కూతురు యుగోస్లావియా అంది, ఆయన పుట్టిననాడు అదే కదా. ఆ అమ్మాయి రాయబోతుంటే ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది.

"మాంటెనెగ్రో అని రాయండి," అంది.

కూతురు తల్లి వైపు చూసింది.

"ఆయనకి అదే ఇష్టం," అంది ఆంటీ. స్పెల్లింగు ఒక్కో అక్షరమే నిదానంగా చెప్పింది.

అంత్యక్రియలకి ఆ పెళ్లిసాక్షి కూడా వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. వెనక వరసలో ఒక్కడే కూర్చున్నాడు. తర్వాత టీల దగ్గర అతని చుట్టూ ఖాళీగా ఉండిపోయింది. ఆంటీ అతన్ని చూసింది, అతనూ చూశాడు. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు. చివరికి నా భార్యే ఒక కప్పు టీ, రెండు బిస్కెట్లు పట్టుకెళ్లి ఇచ్చింది. అతను రెండు చేతులతో అందుకుని, తాగకుండా చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

ఇంటికి వస్తుంటే దారిలో ఆమె అడిగింది.

"నేను ఆ రోజు చెప్పకపోతే?"

"ఎప్పుడో ఒకప్పుడు తెలిసేదే."

"నిజంగ చెప్పు."

"నాకు తెలియదు," అన్నాను.

ఆమె తలూపింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఈ ఇల్లు వదిలేద్దాం, ఆక్లాండ్‌లో ఉద్యోగం చూసుకో అంది. ఆ వేసవిలోనే మారిపోయాం.